సోములమ్మ నోరు చెడిన వానాకాలం

ఆ గూడెంలో సోములమ్మ నాలుకకి ఎదురు లేదు. వానలు మొదలై, ఇళ్ళల్లో గింజలు అడుగంటి, కొండ మీద సామలు ఇంకా పచ్చిగా ఉండే రోజుల్లో తొమ్మిదిళ్ళ ఆడవాళ్ళూ జట్టుకట్టి మామిడి టెంకల్లోని జీడి దంచుతారు. ఆ పిండి ఒట్టి చేదు. అడ్డాకులు పరిచిన గంపల్లో పోసి, పారే గెడ్డలో రాళ్ళ మధ్య పెడితే, నాలుగైదు రోజులకి నీళ్ళే ఆ చేదంతా లాగేస్తాయి. అప్పుడు అంబలి కాచుకోవాలి. అయిందో లేదో చెప్పాల్సింది మాత్రం సోములమ్మ ఒక్కతే. ఆవిడ చిటికెడు నోట్లో వేసుకుని 'అయింది' అనేదాకా ఇంకెవరూ వేలు పెట్టకూడదు. ఎప్పుడో ఒక ఏడు తొందరపడి వండుకుంటే పిల్లలు వాంతులతో పడిపోయారట. అప్పుడు సోములమ్మ అత్త పెట్టిన కట్టుబాటు అది. అత్త పోయాక పద్దెనిమిదేళ్ళుగా సోములమ్మ దాన్ని కాపాడుతోంది. కాపాడడమేమిటి, నిజం చెప్పాలంటే పెత్తనంలా అనుభవిస్తోంది.

ఆ ఏడు తెల్లదొరల ఘాటురోడ్డు పనికి ఆ కొండ ఊళ్ళ మీద అధికారం చేసే ముఠాదారు మగవాళ్ళందరినీ తోలుకుపోయాడు. గూడెంలో మిగిలింది ఆడవాళ్ళూ పిల్లలూ. సోములమ్మ చలిజ్వరం నుంచి అప్పుడే లేచింది. గంపలు పెట్టిన నాలుగోనాడు కర్ర పొడుచుకుంటూ గెడ్డకి వచ్చి పిండి నోట్లో వేసుకుంది. చేదు. ఐదోనాడూ చేదే. ఆరోనాడు గంపల కింద నీళ్ళు తేటగా పోతున్నాయి, అయినా చేదే.

"ఇంకా అవనేదు. రేపు సూద్దాం," అంది.

పక్కింటి కోడలు గంగ ఆ తేట నీళ్ళకేసి చూసి, ఏదో అనబోయి నోరు మూసుకుంది. పైన కొండ మీద మబ్బు నల్లగా కమ్ముతోంది. గెడ్డ పొంగిందంటే గంపలన్నీ కొట్టుకుపోతాయి. సామలు కోతకొచ్చేదాకా తొమ్మిదిళ్ళకీ అదే తిండి.

ఇంటికొచ్చాక కోడలు కనక, నీరసం తగ్గుతుందని ఆకులో ఇంత తేనె పోసి ఇచ్చింది. సోములమ్మ నాలుకకి రాసుకుని మొహం చిట్లించింది.

"ఏటే ఇది, సేదుగున్నాది?"

"తేనె సేదేటత్తా? పొద్దున్న పిండిందే కదా."

సోములమ్మకి అప్పుడు అర్థమైంది. చేదు పిండిలో లేదు, జ్వరం పడి లేచిన తన నోట్లో ఉంది. రేపు వెళ్ళి ఊరికే 'అయింది' అనేస్తే ఎవరికి తెలుస్తుంది అనుకుంది. ఒకవేళ కాకపోయి ఉంటే? పసిపిల్లల కడుపులతో ఆటలా? పోనీ నిజం చెబితే, నోరు చెడిన సోములమ్మని ఆపైన ఎవరు లెక్కచేస్తారు? సిగ్గుతో ఆవిడకి ఏడుపొచ్చింది.

తెల్లారేసరికి చినుకులు పడుతున్నాయి. గెడ్డ ఒడ్డున అందరూ ఆవిడ కోసమే చూస్తున్నారు.

"నా నోరు సెడిపోనాది," అంది సోములమ్మ, ఎవరి మొహమూ చూడకుండా. "నాకు తేనె కూడా సేదే. గంగా, నువ్వు సూడు."

గంగ రెండడుగులు వెనక్కి వేసింది. "నువ్వుండగా నానేటత్తా? తప్పు కాదా?"

"తప్పు నాది. ఇన్నేళ్ళూ మీకెవరికీ నేర్పనేదు. ఇలా రా. నాలిక కొస మీదేసుకుంటే తెల్దు. ఎనక్కి తోసుకుని, మింగకుండా ఆగు. గొంతు పట్టుకున్నాదంటే అవనట్టే."

గంగ మొదటి గంపలోంచి చిటికెడు తీసి నోట్లో వేసుకుని చాలాసేపు ఆగింది. "అయిపోనాదత్తా," అంది నెమ్మదిగా. రెండోదీ అయింది, మూడోదీ అయింది. ఆడవాళ్ళు గబగబా గంపలు ఎత్తుతున్నారు. అప్పుడే నీళ్ళు ఎర్రబారుతున్నాయి.

"ఆ ఒడ్డు వారనున్నదీ ఎత్తీయండి, బేగి," అని కేకేసింది సోములమ్మ.

గంగ ఆ గంప దగ్గర కూర్చుని రుచి చూసి ఉమ్మేసింది. "ఇది అవనేదత్తా. ఇక్కడ నీరు సరిగా ఆడనేదు. ఇళ్ళకి పంచొద్దు. పైన ఊట కాడ వెదురుగొట్టం కింద పెడదాం."

అందరి చేతులూ ఆగిపోయాయి. పద్దెనిమిదేళ్ళలో సోములమ్మ మాట కాదన్నవాళ్ళు లేరు. ఆవిడకి చుర్రుమంది. నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన గుంట తనకి చెప్పడమా? కానీ చూడమన్నది తనే కదా. ఆ గుంట చూసింది, చూసిందే చెప్పింది. సోములమ్మ కర్ర పడేసి గంపకి ఓ పక్క చెయ్యేసింది.

"ఏటలా సూత్తారు? గంగ సెప్పింది ఇనబడనేదా? పట్టండి."

మధ్యాహ్నానికి గెడ్డ పొంగి రాళ్ళన్నీ మునిగిపోయాయి. ఆ పూట తొమ్మిదిళ్ళలోనూ అంబలి ఉడికింది. ఏ బిడ్డా కక్కలేదు.

రెండు రోజులకి ఊట దగ్గరున్న గంప చుట్టూ అందరూ చేరారు. గంగే రుచి చూస్తుందని సోములమ్మ అనుకుంది. గంగ చెయ్యి పెట్టలేదు.

"కనకప్పా, ముందు నువ్వు సూడు. తరవాత నాను సూత్తాను. ఇద్దరికీ ఒకటే అయితే ఎత్తుదాం," అంది సోములమ్మ కోడలికేసి తిరిగి.

పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారైనా సోములమ్మకి తట్టని మాట అది. మొదట చిన్నతనం అనిపించింది. ఆ వెనకే, ఇన్నేళ్ళుగా మోస్తున్న మోపు దింపినట్టు ప్రాణం తేలికపడింది. కనకా గంగా ఇద్దరూ 'అయింది' అన్నాక మిగతా ఆడవాళ్ళూ రుచి చూడ్డానికి వరస కట్టారు. సోములమ్మ వెళ్ళి ఆ వరస చివర నిలబడి, తన వంతుకి చెయ్యి చాపింది.

"నీకెలాగున్నాదత్తా?" అని అడిగింది గంగ.

"నాకింకా సేదే."

"అయితే ఈసారికి నీ మాట లెక్కలోకి రాదత్తా."

అందరికంటే ముందు నవ్వింది సోములమ్మే.