పొద్దు వాలకముందే

సింహాచలం కొండ మీద బస్సు చుట్టూ తిరిగి, టైర్లను ఒక్కొక్కటిగా ఇనుప రాడ్డుతో తట్టి చూసి, అబ్దుల్ వహాబ్ మళ్ళీ హారన్ మోగించాడు. కార్తీకమాసపు ఆదివారం. మెట్ల దగ్గర జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. తన బస్సువాళ్ళు సగం మంది ఇంకా ప్రసాదం పొట్లాలు విప్పుకుని గోడ నీడన కూర్చునే ఉన్నారు.

"పులిహోర తింతన్నారు బావా. కాసేపాగు" అన్నాడు కండక్టర్ అర్జునరావు.

"దేవుడెక్కడికీ పోడు. పొద్దే పోతాది. ఎక్కమను."

వహాబ్ పొట్టి మనిషి. భుజాలు మాత్రం వెడల్పు. గడ్డం పూర్తిగా తెల్లబడినా ముంజేతులు ఇంకా బిరుసుగా ఉన్నాయి. ఖాకీ చొక్కా పై గుండీ ఎంత ఎండలోనైనా విప్పడు. మాంగనీసు మట్టిని రేవుకు తోలే లారీల మీద క్లీనరుగా చేరిన కుర్రతనం నుంచి ఆయనకు తెలిసిన లోకమంతా రోడ్డే. కొన్నేళ్ళుగా ఈ టూరిస్టు బస్సు నడుపుతున్నాడు. సింహాచలం, రామతీర్థం, శ్రీకూర్మం, భీమిలి, బొర్రా గుహలు. వేలమందిని తీసుకెళ్ళి చూపించి తెచ్చాడు. తాను చూసింది మాత్రం ఆ ఊళ్ళలో బస్సులు ఆపే స్థలాలనే. రమ్మంటే, "బండిని ఎవరు సూత్తారు?" అనేవాడు.

ఇంకొక సంగతి కూడా అందరూ చెప్పుకునేవారు. వహాబ్ ముక్కోపి. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఊరుకోడు. రాత్రి ట్రిప్పులు ఒప్పుకోడు, నడుం నొప్పి అంటాడు.

నడుముకు ఏ నొప్పీ లేదు. రెండేళ్ళ కిందట అన్నవరం నుంచి తిరిగి వస్తుంటే, మసక వెలుతురులో ఒక ఎడ్లబండి ఉన్నట్టుండి అద్దం ముందు మొలిచింది. బ్రేకు తొక్కాడు. ఎవరికీ ఏమీ కాలేదు. దిగి అద్దం తుడిచాడు. అద్దం శుభ్రంగానే ఉంది. ఆ తరవాత ఇంట్లో దీపాలు పెట్టే వేళకు గోడ తడుముకుంటూ నడవడం మొదలైంది. భార్య మెహబూబ్ బీ ఒక్క మాటా అడగలేదు. నీళ్ళ చెంబు ఆయన చేతికి అందేచోట పెట్టడం అలవాటు చేసుకుంది. కళ్ళకు మంచివని పొన్నగంటి కూర, మేక కాలేయం తరచు వండసాగింది. డాక్టరు దగ్గరకు వెళితే మాట ఓనరు చెవిన పడుతుందని ఆయన వెళ్ళలేదు. పొద్దు వాలకముందే బండి ఊళ్ళోకి చేర్చడమే ఆయన కనుక్కున్న వైద్యం.

బస్సు శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కింది. వెనకసీటు నుంచి గంగరాజు సలహాలు ఇస్తూనే ఉన్నాడు. అతను కూర్మన్నపాలెం మనిషి, ఉక్కు కర్మాగారం కట్టుబడిలో డంపర్ తోలుతాడు. ఒకే వృత్తి కావడంతో నోరు ఆగడం లేదు.

"ఇక్కడ సెకండ్ గేరెయ్యాల భాయ్."

"వేసేను."

గంగరాజు పక్కన అతని తల్లి మహాలక్ష్మమ్మ కూర్చుంది. సముద్రపొడ్డున చేపలమ్మి కొడుకును పెంచిన మనిషి. ఎండకు, ఉప్పుగాలికి నల్లగా ముడతలు పడ్డ మొహం. ఇంత పెద్ద కొండలు చూడడం ఆమెకు ఇదే మొదలట. లోయ కనపడ్డప్పుడల్లా కిటికీ కడ్డీ గట్టిగా పట్టుకుని, అయినా చూపు తిప్పకుండా చూస్తోంది.

బొర్రా చేరి అన్నాలు తిన్నాక జనం గుహలోకి వెళ్ళారు. పెట్రోమాక్స్ లైట్లు పట్టుకున్న గిరిజనులు ముందు నడిచారు. వహాబ్ బస్సు నీడన కూర్చున్నాడు. ఎదుటి కొండ నీడ లోయ అడుగు నుంచి మెల్లగా పైకి ఎక్కుతోంది. ఆయన దానివైపే చూస్తున్నాడు.

హారన్ కొట్టాడు. జనం వచ్చారు. అర్జునరావు సీట్లు లెక్కపెట్టాడు.

"బావా, ఒకరు తక్కువ."

మహాలక్ష్మమ్మ లేదు. గంగరాజు మొహం పాలిపోయింది. "నా ఎనకాలే ఉందనుకున్నాను. శివలింగం కాడ దణ్ణం ఎట్టింది కూడానూ!" అంటూ వెనక్కి పరుగెత్తాడు. అర్జునరావు లైటు మనిషిని పిలుచుకుని వెంట వెళ్ళాడు.

కొండ నీడ రోడ్డు దాకా వచ్చేసింది. బస్సులో పిల్లలు ఏడుపు మొదలెట్టారు. మల్కాపురం నుంచి వచ్చిన ఒకాయన, "తెల్లారితే డ్యూటీ ఉంది మాకు" అని అరుస్తున్నాడు. లోపలి నుంచి ఎవరూ రావడంలేదు. వహాబ్ లేచాడు, కూర్చున్నాడు. ఇంకో అరగంట గడిస్తే ఘాట్ దిగేసరికి చీకటి పడుతుంది. ఆయన లేచి గుహవైపు నడిచాడు. ఇన్నేళ్ళలో అటు అడుగువేయడం అదే మొదటిసారి.

లోపలికి వెళ్ళిన కొద్దిసేపటికే కళ్ళ ముందు గంతలు కట్టినట్టయింది. చల్లటి తడిగోడ మీద అరచెయ్యి ఆనించి మెట్టుమెట్టుకీ కాలితో వెతుక్కుంటూ దిగాడు. ఎక్కడో నీటిబొట్లు రాలుతున్నాయి. గబ్బిలాల వాసన. దూరాన గంగరాజు "అమ్మా!" అని పిలుస్తున్న కేక నలుదిక్కులా తిరిగి తిరిగి వస్తోంది. అది ఎటునుంచి వస్తోందో తెలియడంలేదు. ఇంతలో నెత్తిమీద కొండలోంచి రైలు పోయింది. గుహ అంతా ఒళ్ళు జలదరించినట్టు కంపించింది. వహాబ్ గోడను కరుచుకున్నాడు.

రైలు మోత ఆగాక, చాలా దగ్గరగా ఒక గొంతు వినబడింది.

"ఎవురది?"

"బస్సు డ్రైవర్ని. నువ్వేనా అమ్మా, గంగరాజు తల్లివి?"

"నానే బాబూ. మోకాళ్ళు పీకితే ఈ రాయెనకాల కూకున్నాను. దీపం ముందుకెల్లిపోనాది. ఒక్కదాన్నీ కదిల్తే మెట్ల మీద పడతానని కూకుండిపోనాను. రైలు మోతలో నా కేక ఎవులికీ ఇనపడనేదు. సెయ్యిలా ఇయ్యి."

ఆమె వేళ్ళు అందాయి. లేవదీసి, తాను వచ్చిన వైపనుకున్న దిక్కుకు అడుగేశాడు. నుదురు రాతికి టప్పున తగిలింది.

"అటెక్కడికి బాబూ? అదుగో, ఎలుతురు అవుపడతంది కదా!"

 వహాబ్‌కు ఏ వెలుతురూ కనపడలేదు.

 ముసలామె ఆయన మణికట్టు పట్టుకుని ముందు నడిచింది. మెట్టు వచ్చినప్పుడల్లా ఆగి, "ఇక్కడ మెట్టు" అంటోంది. గుహ ముఖద్వారం దగ్గరపడి, బూడిదరంగు వెలుతురు ఆయన కళ్ళకు కూడా అందాక చెయ్యి వదిలింది.

"మా ఆయనకీ ఇదే. రేసీకటి" అంది. "ఎవులికీ సెప్పనేదు. సెప్తే పడవెక్కనివ్వరని. ఒకనాడు సేపల ఏట నుంచి వొత్తంటే మజ్జిలోనే పొద్దోయింది. తెడ్డు ఆయన సేతిలోనే ఉంది."

వహాబ్ ఆగిపోయాడు.

"పడవలో నలుగురున్నారు" అంది.

"కొండ దిగీవరకూ ఎలుతురుంటాదిలే అమ్మా" అన్నాడాయన.  ఇంతలో కొడుకు వెనకనుంచి ఏడుస్తూ, తిడుతూ పరుగెత్తుకు వచ్చి ఆమెను పట్టుకున్నాడు.

బస్సు కదిలింది. ఈసారి మహాలక్ష్మమ్మ డ్రైవరు పక్కన ఉండే ముందు సీటులో కూర్చుంది. కొడుకు పిలిచినా వెనక్కి వెళ్ళలేదు.

అనంతగిరి దాటేదాకా ఆకాశంలో ఎరుపు మిగిలే ఉంది. వెనకాల పిల్లలు పాటలు పాడుతున్నారు. తరవాత మలుపుల్లో చెట్లు రోడ్డు మీదకు వంగి, ఆ కాస్త ఎరుపునూ మింగేశాయి. వహాబ్ స్టీరింగు మీదకు వంగాడు. అంచున సున్నం కొట్టిన రాళ్ళు ఒకటి, మరొకటి, ఇంకొకటి. వాటిని పట్టుకునే దిగుతున్నాడు. లైట్లు వేయలేదేమోనన్న అనుమానం వచ్చి స్విచ్చి కోసం చెయ్యి చాచాడు. అది ఎప్పుడో వేసే ఉంది. వీపు మీద చెమట కాలువ కట్టింది. మెహబూబ్ బీ గుర్తొచ్చింది. ఆమె ఈ వేళకు గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు కోసం చెవి పెట్టుకుని ఉంటుంది.

మలుపులో లారీ ఎదురొచ్చింది. దాని దీపాలు కళ్ళనిండా తెల్లగా పగిలాయి. లారీ దాటిపోయాక రోడ్డు లేదు. రాళ్ళు లేవు. ఏమీ లేదు. ఎడమ చక్రం కింద కంకర నలిగి, జారి, ఎక్కడో చాలా కింద పడుతున్న చప్పుడు వినిపించింది. పక్కసీటులో ముసలామె కేక వేయలేదు. ఆమె ఊపిరి బిగబట్టడం మాత్రం ఆయనకు వినపడింది.

బ్రేకు తొక్కాడు. హ్యాండ్ బ్రేకు లాగాడు. ఇంజను ఆపాడు. పిల్లల పాట ఆగింది.

"గంగరాజూ, బండి నువ్వు తియ్యి."

"ఏటైనాది భాయ్?"

"నాకు అవుపడతం లేదు. పొద్దోతే అవుపడదు. చానాళ్ళయ్యింది."

 బస్సంతా ఒక్కసారిగా లేచింది. "పిల్లాజెల్లాతో గుడ్డోడి సేతిలో కూకున్నామా ఇంతసేపూ!" అని మల్కాపురం ఆయన వహాబ్ చొక్కా పట్టుకోవడానికి వచ్చాడు. అర్జునరావు అడ్డం నిలబడ్డాడు. గంగరాజు టార్చి తీసుకుని కిందికి దిగి ఎడమవైపు చక్రం దగ్గర కూర్చున్నాడు. లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఎవులూ మాటాడకండి" అన్నాడు. "అందరూ మెల్లగా కుడేపుకి జరగండి."

జనం కుడివైపు సీట్లమీదికి ఒదిగారు. అతను డ్రైవరు సీటులోకి వచ్చి, బస్సును వెనక్కి అంగుళం అంగుళంగా లాగాడు. చక్రం గట్టినేల ఎక్కగానే ఎవరో ఆడమనిషి పెద్దగా ఏడ్చేసింది.

వహాబ్ ముసలామె పక్కన కూర్చున్నాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. అవి స్టీరింగు పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి.

"సెప్పీసేవు" అంది మహాలక్ష్మమ్మ, నెమ్మదిగా.

ఆయన తల ఊపాడు. కాసేపటికి ఆ వేళ్ళు విచ్చుకున్నాయి. కొండ దిగి బస్సు చదునుకు వచ్చేసరికి కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. నడుస్తున్న బండిలో ఆయన కళ్ళు మూయడం క్లీనరు రోజుల తరవాత అదే మొదటిసారి.

వన్ టౌన్ సందు మొదట్లో అర్జునరావు భుజం తట్టి లేపాడు. ఇద్దరూ దిగారు.

"ఓనరుతో నాను మాట్లాడతాను బావా. పగలు ఊళ్ళో ట్రిప్పులేవైనా..."

"వద్దులే. నువ్వు నాకోసం అబద్ధాలాడాల."

 బస్సు కిటికీలోంచి మహాలక్ష్మమ్మ, "గోడట్టుకుని ఎల్లు బాబూ" అంది. ఆయన నవ్వాడు. ఆ రోజంతటిలో నవ్వడం అదొక్కసారే. సందులో గోడ మీద అరచెయ్యి ఆనించి, ఒక్కో గుమ్మమే దాటుకుంటూ వెళ్ళిపోయాడు. చివర ఎవరో లాంతరు పట్టుకుని ఎదురొచ్చారు. రెండు నీడలూ లోపలికి తిరిగాయి.

మరుసటి ఆదివారం బస్సుకు కొత్త డ్రైవరు వచ్చాడు. పొడుగాటి మనిషి. సీటులో కూర్చోగానే తల పైకప్పుకు తగిలింది. కింద తడిమి చూస్తే దిండు. పాత పరదా గుడ్డను మడతలు వేసి, అంచు చుట్టూ ఎర్రదారంతో దగ్గర దగ్గర కుట్లు వేసి ఎవరో ఓపికగా కుట్టింది. అతను దాన్ని తీసి ఇంజను మూత మీద పడేసి బండి స్టార్ట్ చేశాడు. సింహాచలం దాకా ఎండ దానిమీదే పడింది. మధ్యలో మనిషి బరువుకు దిగిన గుంట ఇంకా పైకి లేవలేదు.