పటేలు ఇంటి చాయ్

సోమవారం హైకోర్టులో నా కేసు వాదనకు వస్తుంది. నేను మాదిగనా కాదా అన్నది అక్కడ తేలుస్తారట. ముప్పై ఆరేళ్లుగా ఈ ఊళ్లో ఎవరికీ రాని అనుమానం, నేను సర్పంచ్‌గా గెలిచిన నెలకే జగపతి పటేలుకు వచ్చింది.

మాది టేకుమట్ల దగ్గర పల్లె. ఈసారి సర్పంచ్ పదవి ఎస్సీ మహిళకు రిజర్వయింది. పటేలు తన జీతగాడి భార్యను నిలబెట్టాడు. ఆమె గెలిస్తే సంతకం ఆమెది, పెత్తనం ఈయనది. నేను నలభై ఒక్క ఓట్లతో గెలిచాను. గెలిచిన వారానికే వాగులోకి ఆయన ఇసుక ట్రాక్టర్లు దిగకుండా దారికి అడ్డంగా కందకం తవ్వించాను. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు నా మతం. సుజాత క్రిస్టియన్, క్రిస్టియన్‌కు చట్టం ప్రకారం ఎస్సీ హోదా ఉండదు అని అఫిడవిట్ రాసి ఫిర్యాదు పెట్టాడు. నా కుల ధ్రువపత్రం రద్దయింది. దాని మీదే నేను హైకోర్టుకు పోయాను. అక్కడ ఓడితే నా కుర్చీ పోతుంది, కందకం పూడుతుంది.

సాక్ష్యంగా రెండు ఫొటోలు పెట్టాడు. ఒకటి మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి బుచ్చవ్వ సమాధి, దాని మీద సిమెంటు సిలువ. రెండోది, చర్చిలో క్రిస్మస్ కేకు కోస్తున్న నేను. ఆనాడు ముఖ్య అతిథి ఆయనే. మా వాడ ఓట్లు కావాలి కాబట్టి కేకు ఆయనే తెప్పించాడు, నా చేత కోయించాడు, పక్కన నిలబడి నవ్వాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఇప్పుడు ఫొటోలో తనను కత్తిరించుకున్నాడు. కానీ కత్తెర సరిగ్గా పడలేదు, నా చేతి పక్కన పగడపు ఉంగరం ఉన్న వేలొకటి మిగిలిపోయింది.

శుక్రవారం మా వకీలు సంజయ్ గారు హైదరాబాదు నుంచి ఫోన్ చేశారు.

"మేడం, సమాధి మీద సిలువ తీయించేయండి. తీసి ఫొటో పంపండి. మీ అమ్మగారు ఏదో ప్రార్థనకు వెళ్లేవారు గానీ మీరు హిందువేనని వాదిద్దాం. బోనం ఎత్తుకున్న ఫొటో ఉంటే ఇంకా మంచిది."

"సార్, మా అవ్వ యేసును మొక్కింది, మా బాపు పోచమ్మను మొక్కుతడు. నేను ఇద్దర్నీ మొక్కిన. ఎవర్ని మొక్కినా పటేలు వాకిట్ల నా కులం మారిందా?"

"అవన్నీ కోర్టుకు అనవసరం మేడం. ఫొటో ఉందా?"

ఆయన మీద కోపం రాలేదు, రోత పుట్టింది. ఆ వెంటనే నా మీద నాకు ఇంకా ఎక్కువ రోత పుట్టింది, ఎందుకంటే ఫోన్ పెట్టేసి బోనం ఫొటో కోసం వెతకడం మొదలుపెట్టాను. దొరికింది కూడా.

మా బాపు పెంటయ్య అంతా విన్నాడు. లేచి మూలనున్న గడ్డపార తీశాడు.

"సిమెంటే గద బిడ్డా. మీ అవ్వ ఏమనుకోదు."

"రేపు చూద్దాం తియ్యి బాపూ" అన్నాను. వద్దు అనలేకపోయాను.

శనివారం పొద్దున పటేలు పిలిపించాడు. పోయాను. అరుగు మీద ఆయన, ఇంకో ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. నాకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు, కొంచెం ఎడంగా.

"నువ్వు నాకు చెల్లె లెక్క సుజాతా. కోర్టుల పొంటి ఎందుకు పరేషాన్? కేసు వాపస్ తీసుకో, రాజీనామా ఇయ్యి. ఇజ్జత్ దక్కుతది" అన్నాడు పటేలు.

ఆయన భార్య అహల్య చాయ్ తెచ్చింది. పళ్లెంలో నాలుగు పింగాణి కప్పులు, ఒక కాగితం కప్పు. కాగితం కప్పు ఎవరిదో ఎవరూ చెప్పనక్కర్లేదు. మా తాతకు ఈ వాకిట్లో దోసిట్లో పోసేవాళ్లు. మా బాపుకు చూరులో ఒక గ్లాసు దోపి ఉండేది, తాగి తనే కడిగి మళ్లీ అక్కడే దోపేవాడు. నా కాలానికి కాగితం కప్పు వచ్చింది. అడిగితే శుభ్రత అంటారు.

"పటేలా, ఒక మాట అడుగుత. నేను మాదిగ కాదని నువ్వే ప్రమాణం చేసి రాసిచ్చినవ్ గద?"

"రాసిన. చట్టం గట్లనే ఉన్నది."

"అయితే నాగ్గూడ గా పింగాణి కప్పుల పోయించు. తాగి, నువ్వు చెప్పినట్టే రాజీనామా ఇచ్చి పోత."

పెద్దమనుషుల్లో ఒకాయన ఫోన్ తీసి చూసుకున్నాడు. పటేలు మీసం తుడుచుకుని భార్య వైపు చూశాడు. నా కుర్చీ, ఆయన ఇసుక, అన్నీ ఒక్క కప్పు దగ్గర ఆగాయి. అహల్య లోపలికి పోయింది. నిజం చెప్పాలంటే, ఆ కాసేపు నాకు భయమేసింది. ఇస్తే మాట మీద నిలబడాలి కదా.

ఆమె తిరిగొచ్చింది. చేతిలో ఇంకో కాగితం కప్పు.

"గది సల్లారినట్టుంది. ఇగో, వేడిది" అని నా ముందు పెట్టింది.

చాయ్ వాకిట్లో పారబోసి కప్పు సంచిలో వేసుకున్నాను. నేరుగా అవ్వ సమాధి దగ్గరికి పోతే బాపు అప్పటికే గడ్డపారతో నిలబడి ఉన్నాడు. జరిగింది చెప్పి కప్పు చేతికిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"సిలువ సాక్ష్యమైతది గాని గిది కాదా బిడ్డా?"

"వకీలును అడుగుత బాపూ."

ఆయన గడ్డపార భుజాన వేసుకుని ఇంటి దారి పట్టాడు. నేను ఆ కప్పును సమాధి గట్టు మీద, సిలువ ముందర పెట్టి ఫొటో తీసి సంజయ్ గారికి పంపాను. రెండు నిమిషాల్లో మెసేజ్ వచ్చింది.

"ఇదేంటి మేడం?"

"నా కుల ధ్రువపత్రం సార్. దీన్ని ఇంకా ఎవరూ రద్దు చెయ్యలేదు" అని రాశాను.