అక్క లెక్క చెప్పిన మాట

పోపు వేగుతుండగానే భర్త దివాకర్ వచ్చి స్వరూప చీర అంచుకు మైకు తగిలించాడు.

"డాక్టర్ లెక్క కాదు, సొంత అక్క లెక్క చెప్పు. జర నవ్వు."

తార్నాకలోని వాళ్ల క్లినిక్‌లో వైద్యం స్వరూపది, ప్రచారం అతనిది. క్లినిక్ పేరుతో అమ్మే నెలసరి నొప్పి సిరప్ కోసం ఈ వీడియో. నొప్పి ఎక్కువగా ఉంటే స్కాన్ చేయించుకొమ్మని ఒక్క ముక్క కలుపుతానంది. "భయపెడితే ఎవరు కొంటరు?" అన్నాడు. హాల్లోంచి అత్తగారు సమ్మక్క, "మేమేమన్న స్కాన్లు తీపిచ్చుకున్నమా?" అని అందుకుంది. పిల్లల డబ్బాలు సర్దాలి, క్లినిక్‌లో పేషంట్లు ఎదురుచూస్తుంటారు. వాదించడం కన్నా నవ్వేయడం తొందరగా అయిపోతుంది. నవ్వింది. "నొప్పి ఆడపిల్లలకు మామూలే. ఈ సిరప్ తాగుండ్రి, ఓర్చుకోండ్రి" అంది.

ఆ వీడియో ఊరంతా తిరిగింది.

చలికాలంలో యూనివర్సిటీ అమ్మాయిల హాస్టల్లో దివాకర్ ఉచిత క్యాంపు పెట్టించాడు. వరసలో వచ్చిన భూమిక, ఎం.ఏ. చదువుతున్న పిల్ల, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా కూర్చుంది.

"మీ వీడియో చూసి సిరప్ తాగుకుంట ఓర్చుకున్న మేడం. పోయిన నెల క్లాసులనే పడిపోయిన. అండాశయంల గడ్డ మెలిక పడ్డదట. ఒక దిక్కుది తీసేసిండ్రు."

"ముందే చూపించుకోకపోయినవా?" అలవాటుగా అనేసి, స్వరూప నాలుక కరుచుకుంది.

"ఊర్ల మా అమ్మ, చదువు రాకున్నా, దవాఖానకు పోదామనే అన్నది. నేనే కొట్లాడిన. అంత పెద్ద డాక్టర్ మామూలే అంటుంటే నీకేం తెలుసు అన్న." ఆ గొంతులో కోపం లేదు. "ఇంకో దిక్కుది మంచిగున్నదా మేడం? నాకు పిల్లలైతరు కదా?"

ఇంకా తననే నమ్ముతోంది. రిపోర్టులు చూసి, రెండోది బాగుందని, పిల్లలు పుట్టడానికి అది చాలని చెప్పింది స్వరూప. మాటలు దివాకర్ రాసినవి, తొందర ఇంటిపనిది, సాధింపు అత్తగారిది. అన్నీ నిజమే. కానీ ఎక్కడో పల్లెలో కూతురి బాధ కనిపెట్టిన ఒక తల్లిని, చదువులేనిదానివి ఊరుకోమని నోరు మూయించిన ముఖం మాత్రం తనది. డాక్టర్ చదువు చదివి తను చేసిన పని అది.

అంతలో దివాకర్ ఫోనుతో వచ్చాడు. "ఈ పిల్లతోని సిరప్ గురించి రెండు ముక్కలు చెప్పిస్తే మస్తు నడుస్తది."

"నేను నీ పేరు చెప్పను గానీ, జరిగింది చెప్పొచ్చా?" అని స్వరూప భూమికనడిగింది. ఆ పిల్ల తలూపింది.

అతని చేతిలోంచి ఫోను తీసుకుని క్లినిక్ పేజీలో లైవ్ పెట్టింది. "ఏందిది స్వరూపా?" అంటున్నాడతను. ఈసారి ఆమె నవ్వలేదు.

"నేను డాక్టర్ స్వరూప. నా వీడియో చూసి నొప్పి ఓర్చుకున్న ఒక పిల్లకు అండాశయం తీసేసిండ్రు. అంత నొప్పి మామూలు కాదు, నేను మీకు అబద్ధం చెప్పిన. మీ అమ్మ దవాఖానకు పోదామంటే, నా మాట చెప్పి ఆమె నోరు మూయకుండ్రి."