ముందు రోజు దెబ్బ

పోటీకి ముందు రోజు పొద్దున్నే కూతురు ఉరుకుందమ్మను కిటికీ వెలుగులో నిలబెట్టి, భీమక్క ఆమె ఒళ్లంతా చూసేది. కర్నూలులోని ఆ ఇంట్లో అది మామూలే. మర్నాడు దెబ్బ ఎక్కడ తగులుతుందో అక్కడ ముందే కమిలి ఉండేది. తల్లి పసుపు పట్టు వేసేది. కోచ్ ఏసేపు "ఎడమ పక్కటెముకలు పాపా" అని నోటుబుక్కులో రాసుకునేవాడు. ఎంత కాచుకున్నా ఆ దెబ్బ ఒక్కసారీ తప్పలేదు. కాకపోతే, తగిలాక ఏం చేయాలో ఆమె ముందే ఆలోచించుకుని ఉండేది. జూడోతో మొదలుపెట్టి, బాక్సింగ్ నేర్చి, అన్నీ కలిసిన మిక్స్‌డ్ ఫైట్‌లో రెండేళ్లు వరసగా రాష్ట్ర ఛాంపియన్ అయింది.

2008లో కడప నుంచి సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు భూపేష్‌వి కాంట్రాక్టు పనులు. "ఈ కొట్లాటలు మానాల" అన్నాడు నవ్వుతూనే. ఉరుకుందమ్మ తలూపి, ఆ ఏడు పోటీకి రానని ఏసేపుకు చెప్పేసింది. ఆనాటి నుంచీ కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. అన్నం ముందు కూర్చుని లేచేది. చెప్పులేసుకుని వీధి చివరిదాకా పోయి ఊరికే తిరిగొచ్చేది.

నిశ్చితార్థం ముందు రోజు పొద్దున తల దువ్వుతూ భీమక్క చెయ్యి ఆపేసింది. కూతురి ఎడమ చెంప మీద నాలుగు వేళ్లు ఎర్రగా తేలి ఉన్నాయి.

"ఇదేందిమే? రేపు నీకు ఆట లేదు కదా!"

"లేదు. రేపు కడపకు పోతాండాం."

ఉరుకుందమ్మ ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగి తిరిగి తల్లి ముందు ఆగింది.

"పడేది యాడున్నా పడ్తాది మా. ఎవరి చేత తినాలనేది నేను చూసుకుంటా."

భీమక్క ఆ చెంప నిమిరింది. "పో. సారుకు చెప్పు పో."

ఆమె రానన్న ఆ ఏటి పోటీ కూడా మర్నాడే, కర్నూలులోనే. ఏసేపు జాబితాలో ఆమె పేరు అట్లే ఉంది. "కొట్టేసేకి చెయ్యి రాలేదు పాపా" అన్నాడు.

ఫైనల్లో అనంతపురం అమ్మాయి ఎదురుపడింది. మొదటి రౌండులో చెంప మీదకు ఒక్క దెబ్బా రాలేదు. ఉరుకుందమ్మ గడియారం వైపు చూసింది. ఇది ఇట్లే అయిపోతే సాయంత్రానికి బస్సులో కడప చేరొచ్చు, పడాల్సిన ఆ దెబ్బ అక్కడ పడుతుంది. రెండో రౌండులో ఎడమ చెయ్యి కిందికి దించింది.

"చెయ్యెత్తు పాపా!" ఏసేపు అరిచాడు.

ఎత్తలేదు. అరచెయ్యి ఫెళ్లున చెంపకు తగిలింది. కళ్లు బైర్లు కమ్మినా ఉరుకుందమ్మ ఆ చేతినే ఒడిసిపట్టి, అమ్మాయిని పడేసి ఆమె మోచెయ్యి మెలిపెట్టి బిగించింది. అమ్మాయి ఓటమి ఒప్పుకుని చాప మీద తట్టింది. అది మూడో టైటిల్. ఆ తర్వాత ఇంకో నాలుగు గెలిచింది.

సాయంత్రం భూపేష్ తండ్రి భీమక్కకు ఫోన్ చేశాడు.

"ఊరంతా వచ్చి కూర్చోనుండారు. యాడుండారమ్మా మీరు?"

"మేం రాము అన్నా. మా పాపకు పడాల్సిన దెబ్బ ఈడే పడింది."

"దెబ్బా? ఎవరు కొట్టినారు?"

"ఎవరో పిల్ల. పేరు గూడా తెలీదు" అంది భీమక్క. "కొట్టినాక మా పాపను కావలించుకొని పోయింది."