ఊక బస్తాల బస్సు

ఇలా దగ్గరకు జరుగు ప్రణతీ, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. నాగజ్యోతి పున్నయ్యను ఎలా పడగొట్టిందో చెబుతాను, విను.

నాగజ్యోతి మొవ్వలో వడ్ల బస్తాల మధ్య పెరిగిన పిల్ల. బందరు డిపోలో కండక్టరు. మొగుడు చిన్నారావు డ్రైవరు. పున్నయ్య అనే ఆసామి డిపోకి అద్దెకిచ్చిన బస్సును అతడు నడిపేవాడు. ఆరేళ్ల కిందట అవనిగడ్డ నుంచి వస్తుంటే ఆ బస్సుకు బ్రేకులు పడలేదు. ఎడమ పక్కన కాలవ, కుడి పక్కన వరిచేను. చిన్నారావు చేలోకి తిప్పాడు. నలభై మందీ ఒంటినిండా బురదతో లేచి ఇళ్లకు నడిచి వెళ్లారు. బ్రేకుల సంగతి అతడు ముందే రెండుసార్లు పున్నయ్యకు చెప్పాడు. పున్నయ్య ఆ మాట మింగేసి, డ్రైవరు తాగి నడిపాడని ఊరంతా చాటాడు. కల్లు వాసనకే ముక్కు మూసుకునే మనిషికి తాగుబోతన్న పేరు పడింది. మళ్లీ ఎవరూ స్టీరింగు ఇవ్వలేదు. పెడనలో అద్దకం గుడ్డలు కాలవలో జాడించే పనికి కుదిరాడు. ఆ పేరు చెరిపేదాకా, చెరిపి పున్నయ్యను నలుగురిలో నిలబెట్టేదాకా ఊరుకునేది లేదని నాగజ్యోతి పళ్లు బిగబట్టింది.

ఈమధ్య బందరుకు పొగలేని కరెంటు బస్సులు కావాలని టెండరు పిలిచారు. పున్నయ్యా వేశాడు. షరతు ఏమిటంటే, సీటుకు ఒకటి చొప్పున మనిషి బరువు ఇసుక బస్తాలు పెట్టి, ఒక్క చార్జింగుతో గుడివాడకు రెండుసార్లు వెళ్లి రావాలి. దారిలో చూసింది రాసుకోవడానికి నాగజ్యోతిని ఎక్కించారు. పున్నయ్య మనుషులు నాలుగు బస్తాలు కాటా వేసి చూపించి, మిగతావి గబగబా సర్దేశారు.

పెడన దాటాక ఒక గతుకులో బస్తాలు ఎగిరిపడ్డాయి. ఇసుక బస్తా నిండుచూలాలిలా సీట్లో కూలబడుతుంది గాని గెంతదు. గుడ్లవల్లేరులో బస్సు ఆగినప్పుడు ఆమె ఒక బస్తా కిందకి చెయ్యి పోనిచ్చింది. ఒంటిచేతికే బస్తా లేచి వచ్చింది. ఊక! అప్పుడే చెబితే పున్నయ్య లెంపలు వేసుకుని ఇసుక నింపిస్తాడు, అంతటితో సరి. అందుకని నోరు మెదపలేదు.

రెండు ట్రిప్పులూ తిరిగి డిపోకి వచ్చేసరికి బ్యాటరీలో ఇంకా పావువంతు మిగిలింది. ఇంజనీరు ఐశ్వర్య గారు మెచ్చుకున్నారు. నిర్ణీత బరువుతోనే నడిపానని పున్నయ్య నవ్వుతూ సంతకం పెట్టాడు. కలం మూత పెట్టాడో లేదో, నాగజ్యోతి ఒక బస్తాను పసిపిల్లలా చంకనెత్తుకుని వచ్చి బల్ల మీద పెట్టింది.

“ఈ ప్రయాణికుడు మరీ తేలికగా ఉన్నాడండీ. కాస్త చూడండి,” అంది.

కోస్తే బల్లంతా ఊక. ముందే ఎందుకు చెప్పలేదని ఐశ్వర్య గారు అడిగారు.

“సంతకం పడేదాకా ఆగానండీ.”

కూలీలు చేసిన పొరపాటని పున్నయ్య గొణిగాడు. నాగజ్యోతి ఆరేళ్లుగా పలుకుతున్న ‘గారు’ తీసి పక్కన పెట్టింది. “అప్పుడు డ్రైవరు. ఇప్పుడు కూలీలు. నువ్వు మాత్రం ఎప్పుడూ ఏమీ చెయ్యవు కదా పున్నయ్యా.”

వారంలో విచారణ పెట్టారు. దానికి ముందురోజు పున్నయ్య పళ్ల బుట్టతో నాగజ్యోతి ఇంటికి వచ్చాడు. చెల్లెమ్మా అన్నాడు. కూలీలదే తప్పని ఒక్క మాట చెప్పమన్నాడు. ముందు బ్రేకుల సంగతి నీ చేత్తో రాసివ్వమంది నాగజ్యోతి. బ్రేకులు పడలేదనీ, చిన్నారావు తాగలేదనీ చెమటలు తుడుచుకుంటూ రాసిచ్చాడు.

అతడు వెళ్లాక చిన్నారావు ఆ కాగితం మూడుసార్లు చదువుకున్నాడు.

“ఇక చాల్లే జ్యోతీ. వాడికీ పిల్లలున్నారు.”

“మనకు లేరా? తాగుబోతు కూతురని బళ్లో అనిపించుకోలేదా మన పిల్ల?”

మర్నాడు విచారణలో ఆమె చూసింది చూసినట్టు చెప్పింది. ఒప్పుకున్నావుగా అని పున్నయ్య అడిగాడు.

“కాగితం అడిగాను, ఇచ్చావు. నేను నీకు మాటేమీ ఇవ్వలేదు.”

టెండరు పోయింది. ఇంకెక్కడా టెండరు వెయ్యకుండా మూడేళ్లు కట్టడి చేశారు. ఆ కాగితం నకళ్లు తీయించి బస్టాండులో స్తంభం స్తంభానికీ అంటించింది నాగజ్యోతి. పున్నయ్య కొట్టు ఎదుట రెండు.

అంత కక్ష ఆడదానికి తగునా అన్నవాళ్లున్నారు. ఆ నలభై మందిలో ఒక్కరూ అనలేదు. వాళ్లలో నేనూ ఉన్నాను కనుక నాకు తెలుసు. నువ్వు ఇది ఎవరికైనా చెప్పేటప్పుడు ఊక సంగతి మరిచిపోయినా ఫరవాలేదమ్మా. బ్రేకులు పడలేదు, చిన్నారావు తాగలేదు. ఈ రెండు ముక్కలూ గుర్తుంచుకో. వదలకుండా చెప్పు.