ఆల్టర్నేట్

"ఇవాళ నువ్వు ఎగరవుగా, రాసుకోవడమేగా. సాయంత్రం జల్దీ వచ్చెయ్, అమ్మ మోకాళ్ళకి కాపడం పెట్టాలి" అన్నాడు గోపినాథ్, నేను మూత నొక్కిన టిఫిన్ డబ్బాని నా చేతిలోంచి అందుకుంటూ.

రాసుకోవడమేగా! ఆ మాట తిట్టుగా అనలేదతను. మామూలుగా అన్నాడు. అందుకే నాకు ఒళ్ళు మండింది. నేను నేవీలో హెలికాప్టర్ పైలట్‌ని. పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో పడవ నడిపిన నూకయ్య కూతుర్ని. "మా ఆవిడ హెలికాప్టర్ నడుపుతుంది" అని గోపినాథ్ తన షిప్పింగ్ ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పుకుంటాడు. పాప పుట్టాక ఆ ఆవిడ ఒక్క వానాకాలంలో కూడా మబ్బుల్లోకి కెప్టెన్‌గా వెళ్ళలేదని మాత్రం చెప్పడు. అత్తమ్మకైతే దాపరికం లేదు. "ఏటమ్మా, ఆ మబ్బుల్లోకి నువ్వే ఎల్లాలా? మగోళ్ళు లేరేటి?" అని మొహం మీదే అడుగుతుంది. ఆవిడతో నాకు ఆ సుఖం ఉంది.

మా దీవుల్లో వానాకాలం వచ్చిందంటే అద్దంలోంచి సముద్రం కనబడదు, ఆకాశం కనబడదు, అంతా ఒకటే తెలుపు. అప్పుడు కళ్ళని నమ్మకూడదు. ఒళ్ళు ఒకవైపు ఒరిగిపోతున్నట్టు అనిపించినా సరే, ఎదురుగా ఉన్న మీటర్లు చెప్పినట్టే నడపాలి. దానికి వేరే పరీక్ష ఉంది. పెళ్ళికి ముందు పాసయ్యాను, ప్రసవమయ్యాక మళ్ళీ కూర్చుని మళ్ళీ పాసయ్యాను. అలా ఎగరాలంటే ముందు నేల మీద అంతా ఆలోచించుకోవాలి. ఏ దారిన వెళ్ళాలి, కొండకి ఎంత పైన ఉండాలి, గాలి ఎటు తోస్తోంది, ఇంధనం ఎంత మిగలాలి. మా స్క్వాడ్రన్‌లో ఎవరు ఎగిరినా ఆ పని నాది. నాదని ఎవరూ ఆర్డరు వెయ్యలేదు. ఇంట్లో ఉల్లిపాయలు తరగడం ఎలా నాదైందో ఇదీ అలాగే అయింది. "కళ్యాణి ప్లాన్ చేస్తే కళ్ళు మూసుకుని ఎగరొచ్చు" అంటారు మా కమాండర్ సాబ్. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని, సిగ్గులేకుండా.

ఆ పొద్దున నేను వెళ్ళేసరికే ఫోనొచ్చి ఉంది. డిగ్లీపూర్‌లో ఒకామెకి కాన్పు కష్టమైంది, వెంటనే పోర్ట్‌బ్లెయిర్ తీసుకురావాలి. రోడ్డు మీద తెస్తే బతికేలా లేదట. ఉత్తరాన కొండలన్నీ మబ్బులో మునిగి ఉన్నాయి. గణేష్ తలుపులోంచి తొంగిచూశాడు. విశాఖ నుంచి వచ్చినవాడు, నాకన్నా జూనియర్, ఆ పరీక్ష నా తర్వాతే పాసయ్యాడు. దీదీ అనడం మాత్రం ఇక్కడికొచ్చిన వారంలోనే నేర్చుకున్నాడు.

"దీదీ, జర ప్లాన్ కొట్టేయండి. నేను రెడీ అయి వచ్చేస్తా."

రాయడం మొదలుపెట్టాను. దారి తూర్పు తీరం వెంట వేశాను. సాడిల్ పీక్ కొండ దగ్గర ఎత్తు సరిచూశాను. తర్వాత ఆల్టర్నేట్ దగ్గరికి వచ్చాను. అనుకున్న చోట దిగడం కుదరకపోతే దిగే రెండో చోటుని ఆల్టర్నేట్ అంటాం. అది లేకుండా మబ్బులోకి ఎవరూ కాలుపెట్టరు. అక్కడికి వెళ్ళాలని ఎవరికీ ఉండదు, అది ఉందన్న ధైర్యంతో ఇంకోచోటికి వెళ్తారు, అంతే. చెయ్యి ఆగిపోయింది. ఇది నేనే కదా! ఆయా రాకపోతే నేను. అత్తమ్మకి మోకాళ్ళు పట్టేస్తే నేను. గోపినాథ్‌కి మీటింగ్ పొడిగిస్తే నేను. వాళ్ళంతా ఎక్కడెక్కడికో నిశ్చింతగా వెళ్ళొస్తున్నారంటే వెనకాల నేను కదలకుండా పడి ఉండబట్టే. చివరికి ఆఫీసులో కూడా అంతే. నా కాగితం జేబులో పెట్టుకుని గణేష్ మబ్బులోకి వెళ్తాడు, నేను కిటికీ దగ్గర కూర్చుని చప్పుడు కోసం చెవులు రిక్కిస్తాను.

ప్లాన్ పూర్తిచేశాను. కెప్టెన్ అని ఉన్నచోట నా పేరు రాశాను. కో-పైలట్ అని ఉన్నచోట గణేష్ పేరు రాశాను. తిన్నగా కమాండర్ సాబ్ బల్ల దగ్గరికి పట్టుకెళ్ళాను.

ఆయన చూసి, పొరపాటేమో అనుకుని, పెన్ను తీశారు దిద్దడానికి.

"పొరపాటు కాదు సార్. ప్లాన్ నాది. ఎగిరేదీ నేనే."

ఆయన చెడ్డమనిషి కాదు. కళ్ళజోడు తీసి, కూతురికి చెప్పినట్టు హిందీలో మెల్లగా చెప్పారు. "నీ మీద నమ్మకం లేక కాదు బేటా. మీ ఆయనే అడిగాడు. నువ్వు ప్రసవం సెలవు నుంచి వచ్చిన కొత్తలో, మన స్క్వాడ్రన్ డిన్నర్‌లో. పాప చిన్నది, వానల్లో కళ్యాణిని పంపకండి సార్ అన్నాడు. నీకు తెలుసనుకున్నాను."

నాకు తెలియదు. ఆ డిన్నర్ గుర్తుంది. నేను పక్కగదిలో పాపకి పాలిస్తున్నాను. ఆ పది అడుగుల అవతల నిలబడి, నా రెక్కల్ని అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు ధారపోసేశాడు పెద్దమనిషి. ఈ రెండేళ్ళూ నేనేం చేశాను? లోపం నాలోనే ఉందనుకున్నాను. ప్రసవంతో చురుకు తగ్గిందేమో, చెయ్యి వణుకుతోందేమో అని అద్దం ముందు చేతులు చాపి చూసుకున్నాను. సెలవురోజుల్లో కూడా వచ్చి సిమ్యులేటర్‌లో ప్రాక్టీసు చేశాను. అతను చూస్తూ ఊరుకున్నాడు. 'ఎందుకంత కష్టపడతావ్' అని జాలి కూడా పడ్డాడు. గట్టిగా అరవాలనిపించింది. కానీ డిగ్లీపూర్‌లో ఒక మనిషి నొప్పులు పడుతోంది. అరుపుల సంగతి సాయంత్రం ఇంట్లో చూసుకుందాం అనుకున్నాను.

"సార్, ఆ కోరిక ఆయనది, నాది కాదు. నా ప్లాన్‌లో తప్పుంటే చూపించండి. లేకపోతే సంతకం పెట్టండి."

ఆయన మొత్తం చదివారు. గుమ్మంలో హెల్మెట్‌తో నిలబడ్డ గణేష్ నా మొహం చూసి, ఆయన మొహం చూసి, "సార్, నేను కో-పైలట్‌గా వెళ్తాను, మరేం పర్లేదు" అన్నాడు. ఆ పర్లేదుకి కూడా మండింది గానీ వదిలేశాను. కమాండర్ సాబ్ సంతకం పెట్టారు. కాగితం చేతికిస్తూ, ఇవ్వకుండా ఒక్క క్షణం పట్టుకుని అడిగారు.

"వాతావరణం ఇంకా చెడితే రాత్రికి అక్కడే ఉండిపోవాల్సి వస్తుంది. మరి పాప?"

"పాపకి నాన్న ఉన్నాడు సార్" అన్నాను, కాగితం లాక్కుంటూ. "ఇవాళ్టి నుంచి."