ఏడో నంబరు ఇసుక

పల్లీలు వేగాయో లేదో చూద్దామని వంటింట్లోకి వెళ్తే, మూకుడులో పల్లీలతోపాటు నా ఇసుక కూడా వేగుతోంది. వాగు మలుపులో మొలలోతు నీళ్లలో దిగి, అడుగు నుంచి తీసి, మూడు రోజులు డాబా మీద ఆరబెట్టి, పరీక్షకని కవర్లో పెట్టిన ఏడో నంబరు ఇసుక. అందులో ఉప్పు కూడా కలిపేసింది మా అత్త రాజమణి.

"ఇసుకనే గదనే పిల్లా! వాగుల పుట్లకు పుట్లున్నది" అని నవ్వింది. మా ఆయన దినేశ్ పల్లీలు ఒలుచుకుంటూ, "పక్క కవర్లకెల్లి గుప్పెడు తీసి పెట్టు. ఎవడు జూడొచ్చిండు?" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. నీళ్లు ఎంత వేగంగా వస్తాయో, ఏ ఒడ్డును కోస్తాయో, ఎక్కడ ఇసుక మేట వేస్తాయో లెక్కగట్టి ముందే చెప్పడం నా ఉద్యోగం. ఎనిమిదేళ్లయినా ఈ ఇంట్లో దాని పేరు 'కంప్యూటర్ల ఏందో గీస్తది'. ఆరుగురికి వండి, గిన్నెలు కడిగాకే నా లెక్క ముందు కూర్చోవాలి. "నీకేందమ్మా, నీడపట్టున నౌకరి" అంటుంది అత్త. నీడపట్టునట! మర్నాడు వంట ముగించి, ఆటో ఎక్కి, మళ్లీ వాగులో దిగాను. నా నడుముకు కట్టిన తాడును ఒడ్డున పట్టుకున్న రాజలింగన్న అక్కడే చేపలు పట్టే మనిషి. "ఈడ అడుగు మెత్తగైందక్కా. అవతలి ఒడ్డును కిందికెల్లి తింటున్నది" అన్నాడు.

తెచ్చిన ఇసుక ఆరాక జల్లెడ పడితే ఆయన మాటే నిజమైంది. సన్న ఇసుక, ఇట్టే కొట్టుకుపోయే రకం. దాన్ని లెక్కలో వేసి నిరుటి వరదను కంప్యూటర్లో మళ్లీ పారించాను. నీలంరంగు నీళ్లు మెల్లగా ఎక్కి ఎక్కి, అవతలి వాడలో విజయ అనే ఆవిడ ఇంటి గోడ మీద ఆ వరద వదిలిన బురద చారకు బెత్తెడు తేడాలో ఆగాయి. నా లెక్క సరిపోయింది. గదిలో ఒక్కదాన్నే కేక పెట్టాను. నిజం చెప్పాలంటే నా పెళ్లిరోజున కూడా అంత సంబరం లేదు. తర్వాత, రాబోయే పెద్ద వరదను పారించాను. అవతలి ఒడ్డు తెగి నలభై ఇళ్లు వాగులో కలిసిపోయాయి. ఇవతల మా మూడెకరాల చేలో ఇసుక మేట పడింది, అంతే.

వరదకు అడ్డంగా రాళ్లకట్ట మంజూరైంది ఒక్క ఒడ్డుకే; ఏ ఒడ్డుకో నా లెక్కే చెప్పాలి. మా మామ దామోదర్ ఊళ్లో పెద్దమనిషి. "పని మన కోడలి చేతిలుండంగ కట్ట ఆ దిక్కు వోతే, నలుగుట్ల తలెట్ల ఎత్తుకోవాలె?" అన్నాడు. దినేశ్ ఇంకా సులువు చేశాడు. "కంప్యూటర్ల గీతనే గదా, జర ఇటు జరుపు."

జర తగ్గు, జర సర్దుకో, జర ఓర్చుకో. పెళ్లయిన నాటి నుంచి విన్నాను, చేశాను కూడా. ఈసారి మాత్రం చేయదలుచుకోలేదు.

గ్రామసభలో ఇంజినీరు సారు "ఈ లెక్క ఎవరు చేసిండ్రు?" అని అడిగాడు. "నేనే సార్" అని లేచాను. కట్ట అవతలి ఒడ్డుకే కావాలని అందరి ముందు చెప్పాను.

ముందు వరుసలోంచి మామ లేచాడు. "నీ కంప్యూటర్ లెక్క తప్పయితే జిమ్మేదారి ఎవలు?"

"నేనే మామా. నా లెక్క తప్పయితే మన చేను పోతది. మీ మాటిని గీత జరిపితే మనుషులు పోతరు."